రెక్క మీద నీళ్లు విడిపోయిన చోటు

తొంభైల మొదట్లో, బోధన్ చెరకు తోటల మీద మందు చల్లే చిన్న విమానం రెక్క రేకులో బెత్తెడు పగులు వచ్చింది. హైదరాబాద్‌లో విమానాల రిపేరు షెడ్డులో పనిచేస్తున్న నన్ను పంపారు. రివెట్లతో అతికితే రేకుకు మళ్లీ కొత్త చిల్లులు. అందుకని కార్బన్ బట్టను పొరలు పొరలుగా జిగురుతో అంటించి, వేడి పెట్టి గట్టిపరచాలి. షెడ్డులో అలాంటి అతుకులు చాలా వేశాను గానీ, పెద్దమేస్త్రీ లేకుండా ఒంటరిగా వేయడం అదే మొదలు. మర్నాడు పైలట్ దాన్నే నమ్ముకుని గాల్లోకి లేవాలి.

నేను బోధన్ వచ్చానని తెలిసి, నిజామాబాద్ నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, సద్దిగిన్నె పట్టుకుని బస్సెక్కి వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, విమానాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అప్పటికే రేకును గీకి, స్పిరిట్‌తో తుడిచి ఉంచాను. ముట్టుకోవద్దని చెప్పడం మరిచి జిగురు డబ్బాలు తేవడానికి వెళ్లాను.

వచ్చి రేకు మీద నీళ్లు చల్లాను. శుభ్రంగా ఉంటే నీళ్లు ఒకే పొరగా పరుచుకుంటాయి. నిజం చెప్పొద్దూ, పొద్దు వంగుతోందని ఆ పరీక్ష ఎగ్గొడదామనే అనుకున్నాను. ఒక్కచోట, బొటనవేలంత మేర, నీళ్లు విడిపోయి చుక్కలయ్యాయి.

"గిక్కడ ఎవరు సెయ్యి పెట్టిండ్రు?" అని అరిచాను.

"నేనే బిడ్డా," అంది అవ్వ. "కొత్త పనాయె, జరంత నూనె అద్ది కుంకుమ బొట్టు పెట్టిన. నువ్వు కోపం జేస్తవని కొంగుతోని తుడిసేసిన."

కుంకుమ పోయింది, నూనె పోలేదు.

"పైలట్ పానం తీస్తుంటివి గదనే అవ్వా!"

ఆమె ముఖం మాడిపోయింది. నూనె మీద జిగురు పట్టదు. నీళ్లు చల్లకపోయి ఉంటే అతుకు చూడ్డానికి చక్కగానే ఉండేది, గాల్లోకి వెళ్లాక ఊడేది. ముట్టుకోవద్దని చెప్పకుండా పోయినందుకు తిట్టుకోవాల్సింది నన్ను నేనే.

మళ్లీ మొదటి నుంచి గీకాను, తుడిచాను, నీళ్లు చల్లాను. ఈసారి విడిపోలేదు. తడి ఆరాక జిగురు పూసి బట్ట పరిచి, ప్లాస్టిక్ కప్పి లోపలి గాలి లాగేసి, దీపాల వేడి పెట్టాను. అవ్వ ఊరికి పోనని అక్కడే ఉండిపోయింది, కానీ రెక్క దరిదాపులకు రాలేదు. పొద్దున్నే అతుకంతా రూపాయి బిళ్లతో తట్టి చూశాను. జిగురు పట్టని చోట బోలుగా మోగుతుంది; ఎక్కడా ఆ చప్పుడు లేదు.

పైలట్ తోటల మీద రెండు చుట్లు తిరిగి దిగాడు. పరుగెత్తి అతుకు అంచు వెంట గోరు పెట్టి చూశాను. ఎక్కడా లేవలేదు.

"గట్టిగుంది తమ్మీ," అన్నాడు పైలట్. ఎంత హాయి అనిపించిందో! అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చేశాను.

అవ్వ గాభరాగా వచ్చింది. నన్ను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏమైంది బిడ్డా? మళ్ల నేనేమన్న జేసిన్నా?"

ఆ చెయ్యి లాగి నా తల మీద పెట్టుకున్నాను.

"ఏం గాలేదవ్వా. ఏం గాలేదు."