ఎర్ర పేజీ దాటించాను

కోటబొమ్మాళిలో మా నాన్నగారి కిరాణా కొట్టు పక్క గదిలో నాకు నెట్ సెంటర్ ఉంది. ఆ రోజుల్లో నా కంప్యూటర్‌కి ఒక జబ్బు ఉండేది. లోపల తేదీని గుర్తుపెట్టుకునే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వస్తే చాలు, తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయేది. తేదీ తప్పితే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు. ఏది తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటూ తెల్లటి పేజీ అడ్డం వచ్చేది. తేదీ సరిచేస్తే పోయేదానికి నాకు బద్ధకం. కింద చిన్న అక్షరాల్లో ఉండే దారి పట్టుకుని దాటేసేవాణ్ణి. అలా నొక్కీ నొక్కీ చేతికి అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం నౌపడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న ఉప్పు మడుల్లో పని చేస్తాడు. అమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది. పొద్దున రైలెక్కి వెళ్లి సాయంత్రం వంట వేళకి ఇల్లు చేరగలిగే కాలేజీలో డిగ్రీ సీటు వస్తేనే ఆమెకు చదువు. అందుకు ఏయే కాలేజీలు కావాలో వరసగా ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టాలి.

సైటు పేరు వెతికి, మొదట కనబడిన లింకు నొక్కాను. స్క్రీనంతా ఎర్రబడింది.

“అన్నా, ఏటిది? డేంజరని రాసున్నాది,” అంది.

“మా బ్యాటరీ గోలమ్మా. రోజూ వస్తాది. నువ్వు నంబరు సెప్పు,” అన్నాను.

ఆ రోజు కరెంటు పోనే లేదనీ, తేదీ సరిగానే ఉందనీ నాకు తట్టలేదు. ఎర్ర పేజీని దాటేసి, ఆమె హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్ కొట్టాను. ‘సర్వర్ బిజీ’ అని వచ్చింది. ఇంకో లింకులో వెళ్తే సైటు తెరుచుకుంది. ఆప్షన్లన్నీ పెట్టి ఇంటికి పంపించాను.

తీరా సీట్లు ఇచ్చాక చూస్తే, ఆమెకు ఎక్కడో వేరే జిల్లాలో, మేమెవరమూ పేరు వినని కాలేజీలో వచ్చింది. ఆమె ఖాతా తెరిచి చూస్తే, మేం పెట్టిన రోజు సాయంత్రమే ఎవరో ఆమె పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి ఆప్షన్లు మార్చేశారు. ఫిర్యాదు చేస్తే గడువు దాటిపోయిందన్నారు. ఆ ఏడు ఆమె ఎక్కడా చేరలేదు.

ఆ మొదటి లింకు మళ్లీ తెరిచి, ఎర్ర పేజీని అప్పుడు పూర్తిగా చదివాను. తెల్ల పేజీ అంటే, ఈ సైటు ఎవరిదో తేల్చుకోలేకపోతున్నానని బ్రౌజర్ చెప్పడం. ఎర్ర పేజీ అంటే, ఇది దొంగ సైటని తెలిసే చెప్పడం. ఇన్నేళ్లుగా రెంటినీ ఒకే గాటన కట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు నౌపడ వెళ్లాను. ఆ అమ్మాయి వాళ్లమ్మకి గంజి తాగిస్తోంది.

“తప్పు నాదేనమ్మా. ఆ పేజీ సదవకుండా నొక్కీసినాను,” అన్నాను.

“నాను సదివినాను అన్నా. లోపలికెళ్తే మన పాస్‌వర్డ్ దొంగిలిస్తారని రాసున్నాది.”

“మరి నన్ను ఆపలేదేటి?”

ఆమె గ్లాసు కింద పెట్టి, వాళ్లమ్మ మూతి తుడిచింది.

“మీకు తెలుసు గదా అనుకున్నాను.”