నా ఫోన్‌లో అక్క ప్రయాణం

తాడేపల్లిగూడెంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్ళలో ఆ ఆఫీసులో కాగితమనేది దాదాపు లేకుండా చేశాను. సెలవు చీటీ దగ్గర్నుంచి ఫీజు రసీదు దాకా అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎవరైనా జెరాక్సు కాపీలు పట్టుకుని వస్తే, "ఇవెందుకండీ, ఇంటికెళ్ళి పకోడీలు పొట్లం కట్టుకోండి" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళకు నాతో పని ఉంది కనక నవ్వారని అప్పట్లో నాకు తట్టలేదు.

మా అక్క ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, కొల్లేటి పక్కన ఓ ఊళ్ళో ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. కొల్లేటి మధ్య లంకలో ఉన్న చిన్న బడికి టీచరుగా వెళ్ళేది. రోడ్డు పడకముందు రోజూ దోనెలోనే రాకపోకలు. వానాకాలంలో చీర మోకాళ్ళ దాకా తడిసేదట, పాఠం చెబుతుండగా ఒంటిమీదే ఆరేదట. నా భార్య పోయాక నాకంటూ మిగిలిన మనిషి అక్కే. ఆదివారం చర్చి నుంచి వచ్చి నాకు ఫోన్ చేసేది. నేను టీవీ చూస్తూ ఊఁ కొట్టేవాణ్ణి.

అలాంటి ఓ ఆదివారమే, విశాఖపట్నం నుంచి చెన్నైకి ప్రయాణికుల ఓడ వెళ్తుందని పేపర్లో చదివానంది.

"అన్నేళ్ళు నీళ్ళ మీద తిరిగానా, ఒక్కసారి కాళ్ళు తడవకుండా తిరగాలనుందిరా. నువ్వొస్తే వెళ్దాం."

అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఆ పూటే ఫోన్‌లో ఇద్దరికీ బుక్ చేసేశాను. ఎంత త్వరగా చేశానో అక్కకి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.

ప్రయాణం దగ్గరపడ్డాక, ఏం సర్దుకోవాలో చెబుదామని ఓ శనివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. అక్క అప్పటికే పెట్టె సర్దేసింది.

"టిక్కెట్టు కాగితాలేవిరా?"

"ఫోన్‌లో ఉన్నాయక్కా."

"రేపు ఆదివారం కదా, అయ్యగారి చేత ప్రార్థన చేయించాలి."

వాళ్ళ చర్చిలో అదో అలవాటు. పరీక్ష హాల్ టిక్కెట్టో, ఉద్యోగం దరఖాస్తో, పాస్‌పోర్టో, ఆపరేషన్‌కి డాక్టరు రాసిన చీటీయో, ఏదైనా సరే ఆరాధన అయ్యాక ముందున్న బల్ల మీద పెడతారు. అయ్యగారు, అంటే పాస్టరు గారు, దాని మీద చెయ్యుంచి ప్రార్థిస్తారు. కాగితం ఎవరిదైతే వాళ్ళు పక్కన తలవంచి నిలబడతారు.

"అయితే నా ఫోనే పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టు," అన్నాను.

"అయ్యగారు మొదలెడితే ఓ పట్టాన ఆమెన్ అనరు. ఈలోగా నీ ఫోన్ దీపం ఆరిపోద్ది. లేదా మధ్యలో ఎవడో లోన్ కావాలా అండీ అని ఫోన్ చేస్తాడు. సంఘమంతా నవ్వుద్ది."

"దేవుడికి కాగితం కావాలా అక్కా?"

"దేవుడికి కాదురా, నాకు కావాలి. నా చేతిలో ఒకటుంటే నేనూ వెళ్తున్నట్టు ఉంటుంది. సెంటర్లో జెరాక్సు షాపుంది, ఫోన్‌లోంచి తీసిస్తారు. నీదొకటి, నాదొకటి."

"ఇప్పుడందరూ ఫోనే చూపిస్తారు. కాగితాలు పట్టుకుని నిలబడితే పల్లెటూరోళ్ళనుకుంటారు."

"మనం పల్లెటూరోళ్ళమేగా," అని అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు జెరాక్సు షాపుకి వెళ్ళి ఉంటే ఒక్క కాగితమే వచ్చేది. డబ్బు ఇద్దరికీ కట్టాను గాని, చేతిలో పట్టుకునే కాగితమంటే ఓడ ఎక్కే పాసే. అది రావాలంటే ఒక్కొక్కరి ఫొటో, ఆధార్ పంపి వివరాలు నింపాలి. అప్పటికే నావి నింపాను. అక్క ఆధార్ ఫొటో ఎందుకో ఎక్కలేదు. తర్వాత చూద్దామని వదిలేశాను. ఒకరిది ఇంకా పూర్తి కాలేదని మెయిళ్ళు వచ్చాయి. ఆఫర్ల మెయిళ్ళతో పాటు వాటినీ వేలితో పక్కకు తోసేశాను. ఫోన్ తెరిచినప్పుడల్లా పైన నా పాస్ కనబడేది. దాని కింద అక్కది ఉండే ఉంటుందనుకున్నాను. చూడలేదు. కాగితాలైతే రెండున్నాయో లేదో చేతికే తెలిసేది.

ప్రయాణం నాడు అక్క ఏలూరులో రైలెక్కింది, నేను మా గూడెంలో ఎక్కాను. కిటికీ సీటు నాకోసం ఆపి ఉంచింది. అందులో నేనే కూర్చున్నాను.

ఓడరేవులో లైను పెద్దదే. మా ముందు ఓ పెద్దాయన, ఆయన భార్య ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని నిలబడ్డారు.

"ఏవే, నీ కాగితం జాగ్రత్తగా ఉందా?"

"ఉందండీ. ఇంటి దగ్గర చూపించాను, ఆటోలో చూపించాను. ఓడ మునిగేటప్పుడు కూడా చూపించమంటారా?"

నేను నవ్వి అక్క వైపు చూశాను. అక్క నవ్వలేదు. ఆవిడ చేతిలోని ఫైలు వంక చూస్తోంది.

కౌంటర్లో అమ్మాయి నా ఫోన్ చూసి, తన కంప్యూటర్ చూసి, మళ్ళీ నా ఫోన్ చూసింది.

"సార్, మీదొక్కటే ఉందండీ. మేడం గారి పాస్?"

వేలితో కిందకి జరిపాను. ఏమీ లేదు. ఇంకా కిందకి జరిపాను.

"ఇప్పుడు నింపేస్తానండీ, ఒక్క నిమిషం."

"ఇప్పుడవదండీ. ఎక్కేవాళ్ళ పేర్లు నిన్న సాయంత్రమే పోర్టుకి ఇచ్చేశారు. మేడం గారి పేరు అందులో లేదండీ." పాపం, ఆ అమ్మాయి లేచి లోపలికెళ్ళి పెద్దవాళ్ళని అడిగి వచ్చింది. "సారీ అండీ. మీకు రెండు మూడు మెయిల్స్ పంపామటండీ. మీరు ఎక్కొచ్చు. మేడం గారికి మాత్రం కుదరదండీ."

అక్క ముందుకొచ్చి అడిగింది: "అమ్మా, టిక్కెట్టు ప్రింటు తీసుకొస్తే ఎక్కనిచ్చేవారా?"

"లేదండీ. ప్రింటైనా ఫోనైనా మాకొకటేనండీ. మీ పేరు లిస్టులో ఉండాలి."

అక్క ఆ జవాబు విని తలూపింది. నేను మాత్రం లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. ప్రింటు విషయంలో నాది తప్పు కాదని తేలిందన్నట్టు! అక్క ప్రయాణం ఆగిపోయిన నిమిషంలో నాకు కలిగిన మొదటి భావం అది. దాన్ని ఇక్కడ దాచి లాభం లేదు.

"నేనూ ఆగిపోతానక్కా," అన్నాను. కాదంటుందన్న ధైర్యంతోనే అన్నాను.

"ఇద్దరం ఆగి ఏం చేస్తాంరా? నువ్వెళ్ళిరా. మధ్యాహ్నం బండికి నేను ఏలూరు వెళ్ళిపోతాను. నాకు దారి తెలీదా?"

"మరి..."

"వెళ్ళు. వెనకాల జనం నిలబడ్డారు."

వెళ్ళాను. అద్దాల తలుపు దాటాక ఓడ మెట్ల దగ్గర మళ్ళీ పాస్ చూపించాలి. స్క్రీన్ వెలుగు పెంచుకుంటూ, ఆరిపోకుండా వేలితో తడుతూ నడిచాను.

గదిలో రెండు మంచాలు, రెండు తువ్వాళ్ళు, రెండు గ్లాసులు ఉన్నాయి. గది శుభ్రం చేసేవాడు తలుపు తట్టి, మేడం ఎప్పుడొస్తారని అడిగాడు. రారన్నాను. రేపొస్తారా అన్నాడు. నడిసముద్రంలోకి రేపెలా వస్తారని వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. చూద్దామన్నాను.

తీరం కనబడకుండా పోయాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. అక్క ఏలూరు చేరిందో లేదో తెలుసుకునే దారి లేదు. పైన డెక్కు మీద పాటలు, పిల్లల పరుగులు. ఓ కుటుంబం వాళ్ళు ఫొటో తీయమని ఫోన్ ఇచ్చారు. తీశాను. "మీ ఫొటో తియ్యమంటారా అండీ?" అని అడిగారు. వద్దన్నాను. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. అక్క ఏళ్ళ తరబడి చూసిన నీళ్ళ మీద తూడు మొక్కలు, పిట్టలు, ఎదురుగా గట్టు ఉండేవి. ఇక్కడ కళ్ళు ఆనడానికి ఏమీ లేదు. భోజనాల దగ్గర నా ఎదురు కుర్చీని వేరే బల్ల వాళ్ళు అడిగి పట్టుకెళ్ళారు.

చెన్నై నుంచి తిరుగు రైల్లో వస్తూ ఏలూరులో దిగి తిన్నగా అక్క దగ్గరకే వెళ్ళాను. కొర్రమీను పులుసు వండి పెట్టింది. నేను తింటుంటే పక్కింటావిడ గడపలోంచే పలకరించింది.

"ఏవండీ, మా టీచరమ్మ గారు ఓడని చూసి భయపడి పారిపోయొచ్చారటగా! దోనెలో అన్నేళ్ళు తిరిగిన మనిషండీ, ఓడంటే అంత భయమా?"

అక్క నవ్వింది. "ఎంత పొడుగుందనుకున్నావు? తలెత్తి చూస్తేనే కళ్ళు తిరిగాయి."

ఊరంతటికీ అలాగే చెప్పిందని అర్థమైంది. తప్పు నాదని ఆవిడతో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను తల వంచుకుని ముద్దలో ముల్లు ఏరుకున్నాను. అక్కని రేవులో వదిలి వెళ్ళడం కంటే ఆ ముద్ద మింగడమే నాకిప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత ఆదివారాల్లో ఫోన్లు రాలేదు. నేను చేస్తే మాట్లాడేది, బాగానే మాట్లాడేది. తనంతట తాను చేసేది కాదు. ఆ వేళకి టీవీ కట్టేసి కూర్చునేవాణ్ణి.

ఈ ఏడాది ఓడలు మళ్ళీ మొదలయ్యాక అక్కే ఫోన్ చేసింది. చర్చి ఆడవాళ్ళంతా కలిసి ఆ ఓడకే వెళ్తున్నారట. నన్నూ రమ్మంటావా అని అడిగాను.

"ఆడవాళ్ళం వెళ్తున్నాంరా," అంది. మళ్ళీ తనే, "గూడెంలో బండి రెండు నిమిషాలు ఆగుద్ది. వస్తే కనబడతాను," అంది.

ఇడ్లీలు కట్టించుకుని ముందే స్టేషనుకి వెళ్ళాను. బండి ఆగేసరికి అక్క తలుపు దగ్గరే ఉంది. వెనక నుంచి ఎవరో అన్నారు: "టీచరమ్మ గారూ, తమ్ముడు గారిని కూడా ఎక్కించేయండి, సామాన్లు మోస్తారు!" రైలుపెట్టె అంతా నవ్వింది. పొట్లం అందించి, ఇక ఆగితే చెప్పలేనని చెప్పేశాను.

"అక్కా, ఆ రోజు నేను ఎక్కకుండా ఉండాల్సింది."

"ఎక్కమన్నది నేనేగా."

"అయినా సరే. తప్పంతా నాదే."

అక్క పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఎక్కినందుకు కాదురా. అద్దం ఇవతల చెయ్యెత్తి నిలబడ్డాను. మెట్లెక్కేలోగా ఒక్కసారైనా వెనక్కి చూస్తావనుకున్నాను."

"ఫోన్ చూసుకుంటున్నానక్కా."

"తెలుసు. కనబడుతూనే ఉంది."

బండి కదిలింది. నేను పక్కనే నడిచాను.

"నన్ను క్షమించక్కా."

ఏదో అంది. చక్రాల చప్పుడులో వినబడలేదు. మళ్ళీ చెబుతుందేమోనని ఇంకాస్త వేగంగా నడిచాను. లోపల్నుంచి ఎవరో ఇడ్లీలు ఎవరికని కేకేశారు. అక్క అటు తిరిగి లోపలికి వెళ్ళింది. ఖాళీ తలుపు కొంతదూరం దాకా కనబడింది.