చాపకు అమ్ముడుపోయిన మనవడు

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో పేరు మోసిన వ్యాపారులు చాలామందే ఉన్నారు. కానీ దేశం కాని దేశంలో సొంత మనవడిని ఒక్క చాపకు అమ్మి, చాప వెనక్కివ్వకుండానే మనవడిని తెచ్చుకున్న మొనగత్తె ఈ భూమ్మీద మా అమ్మమ్మ భాగ్యవ్వ ఒక్కతే.

మార్కెట్ షెడ్డులో పసుపు కొమ్ములు చెరిగి, మట్టి ఏరి బతికిన మనిషి. అంకాపూర్‌లో చుట్టాలిల్లే ఆమెకు దూరదేశం. మా చిన్నమ్మ జ్యోతిలక్ష్మి భర్త, చిన్నాయన దేవిదాస్‌కు సమోవా దీవిలో జనరేటర్లు బాగుచేసే ఉద్యోగం దొరికింది. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఆ దీవిని మ్యాపులో చూసి, మరక అనుకుని నేను గోటితో గీకాను. వాళ్లకు నాలుగేళ్ల ప్రియ, తొమ్మిది నెలల పిల్లాడు. ఇద్దరి మధ్య పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. అందుకే పిల్లాడి ఒళ్లు కాలితే చిన్నమ్మకు చేతులాడవు. అమ్మమ్మను తోడుకు పిలిపించుకుంది. అమ్మమ్మ ఎవరు చెప్పినా వినకుండా బట్టల పెట్టెలో తన చాట కూడా పెట్టుకుని విమానమెక్కింది.

అక్కడ పిల్లాడికి జ్వరం తగ్గడం, మళ్లీ రావడం. దవాఖాన మందులు వాడుతూనే ఉన్నారు. అమ్మమ్మకు మన పాత పద్ధతి గుర్తొచ్చింది. బిడ్డలు దక్కని ఇంట్లో పసివాడిని చాటలో పడుకోబెట్టి, పక్కింటామెకు గుప్పెడు తవుడుకు అమ్మినట్టు చేస్తారు. పరాయివాళ్ల బిడ్డ అయిపోతే కీడు దారి తప్పుతుందని నమ్మకం. అమ్మడమంతా ఉత్తుత్తిదే, బిడ్డ తల్లి ఒళ్లోనే పెరుగుతాడు.

పక్కింటామె పేరు సినా. పిల్లల్లేరు. చిన్నమ్మ బజారుకు పోయిన రోజు అమ్మమ్మ పిల్లాడిని చాటలో పెట్టుకుని ఆమె గడపలో దించింది. వాళ్ల భాష ప్రియకు ఆటల్లోనే వచ్చేసింది.

"చెప్పవే, తమ్ముణ్ని నీకిస్తున్నం, బదులు ఏమన్న ఇయ్యమను" అంది అమ్మమ్మ, వెంట వచ్చిన ప్రియతో.

ప్రియ చెప్పింది. సినా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లోపలి నుంచి పట్టులా మెత్తగా ఉన్న పాత చాప ఒకటి తెచ్చి, అమ్మమ్మ కాళ్ల ముందు పరిచి, ఏడుస్తూ పిల్లాడిని ఎత్తుకుంది.

తవుడు దొరకక చాప ఇచ్చిందనుకుంది అమ్మమ్మ. కాసేపు ఆడించి తెస్తుందిలే అని ఇంటికొచ్చి ప్రియకు జడ వేసింది.

సాయంత్రం చిన్నమ్మ పోయి చూస్తే, సినా ఇంటి నిండా చుట్టాలు. పాస్టర్ ప్రార్థన చేస్తున్నాడు. పిల్లాడికి సియోనె అని పేరు కూడా పెట్టేశారు.

అక్కడ బిడ్డనివ్వడమంటే ఇవ్వడమే. ఆ చాప సినా ముత్తవ్వ అల్లినదట, ఇంట్లో అంతకన్నా విలువైనది లేదట. ఆ సంగతి చిన్నాయనకు ఆఫీసులోని స్నేహితుడు చెప్పాడు.

ఆర్మూర్‌లో మా ఫోన్‌కు వీడియో కాల్ వచ్చింది.

"ఏం జేసినవే అవ్వా?" అంది మా అమ్మ.

"అమ్మిన."

"దేన్నే?"

"చిన్నోణ్ని."

అమ్మ మంచం మీద కూలబడింది. ఏ మాటకైనా నవ్వే నాకు ఆ పూట నవ్వు రాలేదు. తెర మీద అమ్మమ్మ వెనక చిన్నమ్మ కూర్చుని ఉంది. పాలు చేపి ఆమె జాకెట్టు ముందంతా తడిసిపోయింది.

చిన్నాయన చాప తిరిగిచ్చేందుకు పోతే సినా మొహం తిప్పుకుంది. చుట్టాలు లేచి నిలబడ్డారు. పోలీసుల దగ్గరకు పోతానని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

"మీరు జర ఆగుండ్రి అల్లుడుగారు. ఇచ్చింది నేను. నేనే పోత" అంది అమ్మమ్మ.

ప్రియను వెంటబెట్టుకుని పోయి సినా ముందు నేల మీద కూర్చుంది.

"వాడు నీ కొడుకే. నేను మాట తప్పను. గని నీ కొడుక్కు ఆకలైతది. పాలు మా పిల్ల దగ్గరున్నయ్. మా ఇంట్ల సాకుతం. నువ్వు ఎప్పుడొచ్చినా నీకు తలుపు తీసే ఉంటది."

సినా ప్రియతో అడిగించింది, "మీ ఊరికి పోయేటప్పుడు?"

"నిన్నడిగే తీస్కపోతం. నువ్వు ఒప్పుకుంటెనే."

సినా పిల్లాడిని తనే ఎత్తుకొచ్చి చిన్నమ్మ ఒళ్లో పెట్టింది. పేరు మార్చొద్దంది. ఆదివారం పూట భోజనం తన ఇంట్లోనే అంది. అట్లా మా వంశంలో ఒక సియోనె ఉన్నాడు. జ్వరం మళ్లీ రాలేదు. మందుల వల్లనే అంటాడు చిన్నాయన. అమ్మమ్మ ఆ మాట వినబడనట్టే ఉంటుంది.

ఆమె తిరిగొచ్చి మళ్లీ షెడ్డుకు పోతోంది. వచ్చే ఏడు చిన్నాయన ఉద్యోగం అయిపోతుంది. మొన్న అన్నం గిన్నె ఇవ్వడానికి పోయి, పసుపు దుమ్ములో కూర్చున్న ఆమె భుజం గిల్లాను.

"ఏం మాయ జేసినవే ముసల్దానా, తీయటి మాటలు చెప్పి పిల్లగాణ్ని గుంజుకొచ్చినవ్."

"మాయ గాదు, మాట" అంది, తల ఎత్తకుండా.

"గట్లైతే రేపు చిన్నమ్మోళ్లు ఇక్కడికొచ్చేటప్పుడు సినా ఒప్పుకోకుంటే?"

"ఒప్పుకోకుంటే ఉంచుకుంటది. ఆమె కొడుకే గదరా."