విద్యార్థినుల విశ్రాంతి గది

తిరువూరులో నేను చదివిన కాలేజీవాళ్లు ఆడపిల్లలకి ఒక గది ఇచ్చారు. ఇచ్చిన సంగతి మేమెక్కడ మర్చిపోతామోనని వాళ్లకి తెగ బెంగ. చేరిన రోజున చెప్పారు. ఆగస్టు పదిహేనున జెండా దగ్గర నిలబెట్టి చెప్పారు. వార్షికోత్సవానికి ఊళ్లో పెద్దమనిషి ఒకాయన వస్తే ఆయనచేత కూడా చెప్పించారు. చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ ఇలాంటి సదుపాయం లేదట, ఆడపిల్లల్ని కన్నవాళ్లు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చట. తలుపు మీద నీలం రంగుతో ‘విద్యార్థినుల విశ్రాంతి గది’ అని రాయించారు. దేనికి అలసిపోయి విశ్రాంతి తీసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

డెబ్బైల నడిమి సంవత్సరాల మాట. ఇంటర్ రెండో ఏడు, మా క్లాసులో నలుగురం ఆడపిల్లలం. ఆ గదిలో రెండు బెంచీలు, ఒక కాలు లేని కుర్చీ, ఆటలవాళ్లు పడేసిన చిరిగిన వాలీబాల్ నెట్టు, గ్లాసు లేని మంచినీళ్ల కుండ ఉండేవి. అద్దం కూడా పెట్టారు. కాకపోతే ఎంత ఎత్తున పెట్టారంటే, అందులో పైకప్పు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. మరుగుదొడ్డి లేదు. అది అడిగితే ప్రిన్సిపాల్‌గారు, “ఇచ్చినదానికి సంతోషించడం నేర్చుకోండమ్మా” అన్నారు. సంతోషించాం. పొద్దున ఇంటి దగ్గర మంచినీళ్లు తాగడం మానేసి మరీ సంతోషించాం.

ఆ గదికో పద్ధతి ఉండేది. ఆడపిల్లలు గేటు దాటగానే తిన్నగా గదికి రావాలి. గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునే ఆయమ్మ దగ్గర ఒక పుస్తకం ఉండేది, అందులో వచ్చిన టైము రాసి సంతకం పెట్టాలి. క్లాసుకి మా అంతట మేము వెళ్లకూడదు. లెక్చరరు స్టాఫ్ రూములోంచి బయలుదేరి మా గుమ్మం ముందు నుంచి వెళ్తాడు, అప్పుడు తలొంచుకుని ఆయన వెనక వరసగా నడవాలి. బెల్లు కొట్టాక మళ్లీ ఆయన వెనకే వచ్చి గదిలో పడాలి. బాతుల్ని తోలుకెళ్లేవాడు వెనక నడుస్తాడు, మా లెక్చరర్లు ముందు నడిచేవారు, అంతే తేడా. అప్పట్లో చాలా కాలేజీల్లో ఇదే తంతు కాబట్టి మాకూ వింతగా తోచలేదు.

చిక్కల్లా ఫస్టవర్ లెక్కల దగ్గర వచ్చింది. ఆ ఏడాది కొత్తగా వచ్చిన లెక్కల లెక్చరరు కాపురం విస్సన్నపేటలో. ఆయన బస్సు దిగేసరికే బెల్లు కొట్టేవారు. మా క్లాసు గేటు పక్కనే. స్టాఫ్ రూమూ, మా గదీ ఆ చివర. ఆయన గేట్లోంచి తిన్నగా క్లాసులోకి వెళ్లి హాజరు పట్టీ తీసేవాడు. మమ్మల్ని తీసుకెళ్లే దిక్కు లేదు. పొద్దుటి పూట హాజరంతా ఆ ఒక్క గంటలోనే వేస్తారు. నేను ఎ.కొండూరు అవతల నుంచి గంపల మధ్య నిలబడి బస్సులో వచ్చి, ఆయనకంటే అరగంట ముందే గదిలో కూర్చునేదాన్ని. మగపిల్లలు ‘ప్రెజెంట్ సార్’ అని అరుస్తుంటే ఆ చివర నుంచి వింటూ గైరుహాజరు అయ్యేదాన్ని. మాలో ఒకమ్మాయిది విస్సన్నపేటే. ఆయన బస్సులోనే వచ్చి, ఆయన వెనకే గేటు దాటేది. ఆయన క్లాసుకి తిరిగేవాడు, ఆమె సంతకం పెట్టడానికి గదికి తిరిగేది. ఆయన ఆమెను ఒక్కరోజు కూడా గుర్తుపట్టలేదు. ఆడవాళ్ల వంక తలెత్తి చూడని మనిషని కాలేజీలో ఆయనకి చాలా మంచి పేరు.

మేము నోరు మూసుకుని కూర్చోలేదు. గదికి ఇన్‌చార్జి అయిన సివిక్స్ మేడమ్‌తో చెప్పాం. ఆమె వెళ్లి ఆయనతో చెప్పింది. “అక్కడిదాకా వచ్చి మళ్లీ వెనక్కి నడిస్తే పాఠం ఎప్పుడు చెప్పనండీ? వాళ్లనే వచ్చేయమనండి” అన్నాడట. “వాళ్లంతట వాళ్లు రాకూడదు కదండీ” అందట ఈమె. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకుని, టీ తాగి, ఎవరి పని మీద వాళ్లు వెళ్లిపోయారు. ఒకరోజు నేనే మిగతా ముగ్గుర్నీ లేవదీసి, ఆయమ్మ వద్దంటున్నా వినకుండా క్లాసుకి తీసుకెళ్లాను. మగపిల్లలు బల్లలు బాదారు. మధ్యాహ్నం ప్రిన్సిపాల్‌గారు పిలిచి చీవాట్లు పెట్టారు, బల్లలు బాదినవాళ్లని కాదు, మమ్మల్ని. “మీకోసం ప్రత్యేకంగా గది ఇచ్చి పద్ధతి పెడితే, దాన్ని మీరే పాడుచేస్తారా?” అన్నారు. ఆ తర్వాత గది గచ్చు మీదే సుద్దముక్కతో లెక్కలు చేసుకునేవాళ్లం. సుద్దముక్కలు ఆయమ్మ తెచ్చిచ్చేది. ఆ గదిలో మాకు అందిన సాయం అదొక్కటే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో నోటీసు బోర్డులో కాగితం పెట్టారు. హాజరు చాలనివాళ్లకి హాల్ టికెట్లు ఇవ్వరు, పరీక్షకి కూర్చోనివ్వరు. మొదటి నాలుగు పేర్లూ మావే. మా నాన్న ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. నా వెనక ఇద్దరు తమ్ముళ్లు హైస్కూల్లో ఉన్నారు. నన్ను కాలేజీలో వేయడానికే మా ఇంట్లో పెద్ద రగడ జరిగింది. ఆ ఏడాది పోతే ఇంకో ఏడాది ఇచ్చే ఇల్లు కాదు మాది. పరీక్ష రాస్తే చదువు ఉంటుంది, రాయకపోతే ఉండదు.

మర్నాడు నాన్న సెలవు పెట్టి నాతో వచ్చాడు. ప్రిన్సిపాల్‌గారు మర్యాదగా కుర్చీ వేయించారు.

“కంగారు పడకండి మాస్టారూ. అమ్మాయికి జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్టు ఒకటి తెండి. మేము రికమెండ్ చేసి పంపిస్తాం. పిల్లలకి ఈమాత్రం సాయం చేయకపోతే మేమెందుకండీ?”

“మా అమ్మాయికి జబ్బేమీ చేయలేదండీ,” అన్నాడు నాన్న. “రోజూ వచ్చింది.”

నేను అప్పటికే ఆయమ్మనడిగి పుస్తకం తెచ్చుకున్నాను. బల్ల మీద పెట్టాను. కాలేజీ తెరిచినప్పటి నుంచి ప్రతి పొద్దునా నా సంతకం ఉంది, పక్కన టైము ఉంది, పేజీ కింద మేడమ్ సంతకం కూడా ఉంది. మేము ఎక్కడికీ పోలేదని కాలేజీ తానే రాయించుకున్న సాక్ష్యం అది. ప్రిన్సిపాల్‌గారు రెండు పేజీలు తిప్పి మూసేశారు.

“ఇది క్రమశిక్షణ కోసం పెట్టిన పుస్తకం అమ్మా, హాజరుకి పనికిరాదు. కాలేజీలో ఉండి కూడా క్లాసుకి రాలేదని పైకి రాస్తే, అడిగేవాళ్లు నన్ను అడుగుతారు. జబ్బయితే ఎవరూ ఏమీ అడగరు.”

ఆ రెండేళ్లలో ఆయన నోట నిజం విన్నది అప్పుడొక్కసారే.

నాన్న ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. బడికి రాని పిల్లాడికి వచ్చినట్టు హాజరు వేయమని ఊరి సర్పంచి అడిగినా వేయనివాడు. ఆ పూట బజార్లో నా ముందు నడిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి చాలాసేపు పట్టింది ఆయనకి. లోపల డాక్టరు తలెత్తకుండానే, “కాలేజీవాళ్లా? ఏం జబ్బు రాయమంటారు?” అని అడిగాడు. కాంపౌండరే ఆదుకున్నాడు. “కామెర్లు రాయండి సార్. మామూలు జ్వరమైతే ఇన్ని రోజులకి చాలదు. పొద్దున వచ్చిన ముగ్గురమ్మాయిలకీ కామెర్లే రాశాం.” ఆ విధంగా మా క్లాసు ఆడపిల్లలందరికీ ఒకే రోజున కామెర్లు వచ్చి, ఒకే రోజున తగ్గాయి. ఆ కాగితాలు నాలుగూ కలిపి పంపించినా ఏ మహానుభావుడికీ అనుమానం రాలేదు.

బయటికొచ్చాక నాన్న, “పదమ్మా. నువ్వు బాగా రాయి, అంతే చాలు” అన్నాడు. నా మొహం చూడలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆయన్ని చూస్తే ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగుకుని బస్సెక్కాను.

ఆ పరీక్ష రాశాను, లెక్కల్లో కూడా పాసయ్యాను, ఆ తర్వాత చాలా ఏళ్లు నేనూ పిల్లలకి లెక్కలే చెప్పాను. అందులో ఆ విశ్రాంతి గది గొప్పతనం ఏమీ లేదు. అయినా ఆ కాలేజీని తలుచుకుంటే నాకు గదికంటే, ప్రిన్సిపాల్‌గారికంటే ముందు గుర్తొచ్చేది హాల్ టికెట్లు పంచిన రోజు.

ఆ రోజు ఆఫీసులో ఆ పని లెక్కల లెక్చరరుకి అప్పజెప్పారు. మా నలుగురివీ విడిగా పెట్టారు. నా వంతు వచ్చింది. ఆయన నా టికెట్టు చేతిలోకి తీసుకుని, దానికి గుచ్చిన సర్టిఫికెట్టు నకలు చదివి, మొదటిసారిగా తలెత్తి నన్ను చూశాడు.

“అయ్యో, నీక్కూడా కామెర్లేనా! అందుకేనా పొద్దున క్లాసులో ఎప్పుడూ కనపడలేదు? నూనె వస్తువులు తినకమ్మా. మజ్జిగ బాగా తాగు. ఇప్పుడెలా ఉంది ఒంట్లో?”

వెక్కిరిస్తున్నాడేమోనని చూశాను. వెక్కిరింత కాదు. మేడమ్ చెప్పిన మాట ఎప్పుడో మర్చిపోయి, కాగితంలో ఉన్నది నమ్మి, మనస్ఫూర్తిగా జాలిపడుతున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఏడాది పొడుగునా ఆయన నడవని నాలుగడుగుల సంగతి, నాన్న డాక్టరు గుమ్మంలో నిలబడ్డ సంగతి, అన్నీ కలిపి అక్కడే అందరి ముందూ కడిగేయాలనిపించింది. మాటలు నోటిదాకా వచ్చాయి. హాల్ టికెట్టు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

“తగ్గిందండీ” అన్నాను.