కాశీం స్థలంలో నా ఇల్లు

నలభై ఏళ్లుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే చెప్పగలనేమో అనిపిస్తోంది. నేను ఉంటున్న ఈ ఇల్లు కాశీంది కావలసింది. వాడికి కాకుండా చేసింది నేను.

మాది ఎమ్మిగనూరు. మగ్గం మీద బతుకు సాగక ఆదోనికి వచ్చి తాపీ పట్టాను. కాశీం ఆదోనివాడే, నాకంటే మూడేళ్లు చిన్న. ఇద్దరం ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం. కాశీం గోడ లేపితే నిటారుగా ఉందో లేదో తూకం గుండు వేసి చూడక్కర్లేదని మేస్త్రీ నలుగురిలో అనేవాడు. నా గోడ గురించి ఏమీ అనేవాడు కాదు. అక్కడే మొదలైందా? ఏమో. మొదలైన చోటు వెతకడం కూడా తప్పించుకునే దారేనేమో.

డెబ్బైల చివర్లో పత్తికి మంచి ధర పలికిన ఏళ్లు రెండు మూడు వరసగా వచ్చాయి. పత్తి బాగా అమ్ముడుపోతే ఆదోనిలో అందరి నోటా ఇళ్ల మాటే. దళారులు, జిన్నింగు మిల్లు గుమాస్తాలు, చుట్టుపక్కల రైతులు, అందరికీ ఒక్కసారే ఇల్లు కావాలి. మేస్త్రీలం మాత్రం మునుపున్నంత మందిమే. మొన్నటిదాకా మమ్మల్ని లెక్కచేయనివాళ్లు తెల్లారేసరికి మా గుమ్మం ముందు నిలబడి, తమ పని పట్టుకోమని బతిమాలేవారు. కూలి పెరిగింది. మురిసిపోయాను. కానీ స్థలం, బండ, కొయ్య అంతకంటే ముందే పెరిగి కూర్చున్నాయి. ఊరికంతా ఇళ్లు కట్టి నేను అద్దె గదిలో పడుకునేవాణ్ణి.

కాశీం అలా కాదు. అంతకుముందు పనులు లేని రోజుల్లో, ఎవరికీ అక్కర్లేని స్థలం ఒకటి ఊరి చివర కొనిపెట్టుకున్నాడు. ముళ్లకంపల్లో నక్కలతో కాపురం చేస్తావా అని నేనే ఎగతాళి చేశాను. ఇప్పుడు దానికి అటూ ఇటూ ఇళ్లు లేచాయి. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వాడూ వాడి భార్యా కలిసి రాయి మీద రాయి పేర్చి, మధ్యన బురద పెట్టి గోడలు లేపారు. నేను ఏదో పని ఉన్నట్టు అటుగా పోయేవాణ్ణి. వాళ్లు పని చేయని రోజుల్లోనూ పోయేవాణ్ణి. గోడ ఎంత లేచిందో చూడకపోతే అన్నం సయించేది కాదు, చూస్తే అసలే సయించేది కాదు. "కాశీం నీకంటే సిన్నోడు గదా" అని మా ఆవిడ ఒక్కసారి అంది. రెండోసారి అనే అవసరం రాలేదు.

ఇక మిద్దె, అంటే పైకప్పు, వేయడమే మిగిలింది. దూలాలు ఎత్తి, బండలు పరిచి, పైన నీళ్లు దిగకుండా చౌడు మట్టి తొక్కాలంటే పదిహేను మంది కావాలి. ఆ గిరాకీలో అంతమందికి కూలి ఇవ్వడం వాడి వల్ల కాదు. అయితే మాలో ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రీ సొంత మిద్దెకు తోటివాళ్లంతా కూలి లేకుండా వస్తారు, అన్నం పెడితే చాలు. ఆ గుంపుకు పెద్దను నేను. వానలు దగ్గరపడుతుండగా కాశీం నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, బండలు దిగినాయి. రేపు పొద్దున్నే జనాన్ని పిల్సుకోని వస్తివంటే మాపటికి మిద్దె అయిపోతాది. మీ మరదలు అందరికీ కూడొండుతాంది."

"వస్తాం పో. నీది సెయ్యకపోతే ఇంగెవురిది సేస్తాం?"

"వాన పడకముందే కప్పు పడాలన్నా. బురద గోడలు, నిలబడవు."

"నాకు సెప్తాండావా?" అని నవ్వాను.

నాకు తెలుసు. తెలిసే చేశాను. మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గర చేరిన మనుషులతో, కాశీం పనిని వచ్చే శుక్రవారానికి మార్చుకున్నాడని చెప్పాను. అందర్నీ ఒక పత్తి వ్యాపారి ఇంటి పనికి తీసుకుపోయాను. ఆ వ్యాపారి తొందరపెట్టనూ లేదు, అడిగితే నెల రోజులు ఆగేవాడు. ఎక్కువ కూలి కోసం పోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. కాశీం నాకంటే ముందు సొంత మిద్దె కింద పడుకోకూడదు, అంతే. సాయంత్రం వాడి దగ్గరికి పోయి, వ్యాపారి కూలి ఆశ చూపి జనాన్ని లాక్కుపోయాడని చెప్పాను. పదిహేను మందికి వండిన అన్నంలోంచి నాకు వడ్డించమని భార్యకు చెప్పాడు. తిన్నాను.

రెండు రోజులకు వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. రెండు గోడలు కూలాయి. మళ్లీ లేపడానికి సాయం అడుగుదామంటే ఒక్క మేస్త్రీకి ఖాళీ లేదు. ఆ తర్వాత ఏడాది పత్తి ధర పడింది. ఊళ్లో ఇళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. మేస్త్రీలం స్టేషను ముందు బీడీలు కాలుస్తూ కూర్చున్నాం. కాశీం ఇంట్లో పొయ్యి వెలగని పూటలొచ్చాయి. స్థలం అమ్ముతానంటే కొనే దిక్కు లేదు. మంచి రోజుల్లో దాచుకున్నది నా దగ్గరుంది. కారుచౌకగా నేనే కొన్నాను. పనులు లేవు గనుక సగం కూలికే మనుషులు దొరికారు. పనికి వచ్చిన మొదటి మనిషి కాశీం.

వద్దనలేకపోయానా? కాదు, వద్దనాలనిపించలేదు. కూలిన తన రాళ్లనే ఏరుకుని, తన పునాది మీదే కూలికి నాకు గోడలు కట్టాడు. ఒక్క రాయి కూడా వంకరగా పెట్టలేదు. టీకొట్టు దగ్గరి పదిహేను మందిలో ఒక్కడైనా, పని శుక్రవారానికి ఎందుకు మార్చావని వాణ్ణి అడిగి ఉండడా? అడిగే ఉంటాడు. మరి వాడు నన్నెందుకు అడగలేదు? ఎదురుచూశాను. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టి తేలికపడేవాణ్ణి.

గృహప్రవేశం నాడు మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టడం ఆనవాయితీ. పళ్లెంలో పంచె, తువ్వాలు పెట్టి కాశీం చేతికి ఇచ్చాను. కళ్లకద్దుకుని, "సల్లగ బతుకన్నా" అన్నాడు. అప్పుడైనా నాకు సిగ్గు వేయలేదు. రాయడానికి చెయ్యి ఆడనిది ఇక్కడే. ఇల్లు నాదే, తాళం నా మొలలో ఉంది, అయినా వాడి ముఖం చూసి కుళ్లుకున్నాను. అంతా పోగొట్టుకున్నవాడు అలా నిలబడగలిగాడు, నాకెందుకు చేతకాదని.

కాశీం తర్వాత బళ్లారి పోయి అక్కడే చనిపోయాడని విన్నాను, అద్దె ఇంట్లోనే. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కాశీం గోడలు వానకు కూలాయని ఊరంతా అనేది. నేనూ అన్నాను. కూల్చింది నేను.