నర్సు ఇచ్చిన సీటు

ఎనభైల మొదట్లో మా ఎం.ఏ. ఎకనామిక్స్ తరగతిని అమెరికా తీసుకువెళ్లారు. ప్రతి ఒక్కరూ ఒక అమెరికన్‌తో మాట్లాడి, వాళ్ల బతుకుతెరువు గురించి రాసుకురావాలన్నారు మాస్టారు. మరునాడు ఉదయమే అప్పగించాలి. నా డైరీలో తెలుగులో రాసుకున్న ప్రశ్నలున్నాయి గానీ, కొత్తవాళ్లను పలకరించాలంటే భయంతో ఒక్క జవాబూ లేదు.

షికాగో వెళ్లే బస్సులో పక్కనున్న నర్సు నా డైరీలోకి చూసి, “తెలుగమ్మాయివా? మాది బాపట్ల” అంది. ప్రాణం లేచొచ్చింది. ప్రశ్నలన్నీ ఆవిడనే అడగబోయాను.

“నన్నడిగితే ఏముందమ్మా? హాస్పిటల్‌లో డ్యూటీ, సండే చర్చి, ఇంటికెళ్తే గోంగూర. అమెరికా పంపిస్తే బాపట్ల వెళ్లొచ్చావా అంటారు మీ సారు.”

నవ్వుతూనే లేచి, ముందు సీటులోని అమెరికన్ ముసలావిడతో ఏదో చెప్పింది. ఆవిడను నా పక్కన కూర్చోబెట్టి, తను ఆ సీటులోకి వెళ్లిపోయింది.

ఇక తప్పించుకునే దారి లేక, మొదటి ప్రశ్న అడిగాను. ఆ ముసలావిడ తన మొక్కజొన్న పొలం గురించీ, అమ్మేసిన ఆవుల గురించీ షికాగో దాకా చెబుతూనే ఉంది. నాలుగు పేజీలు నిండాయి.

నర్సు ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. దిగేటప్పుడు నా భుజం తట్టి వెళ్లింది.

ఇప్పుడు నేను పనిచేసే లైబ్రరీలో కొత్తవాళ్లను నేనే ముందు పలకరిస్తాను, పేరు కూడా అడుగుతాను. ఆ నర్సు పేరు మాత్రం ఆ రోజు అడగలేదు.