చిన్నమ్మ పక్కన జాగా

పోయిన నెల ఒక మధ్యాహ్నం, కరీంనగర్‌లో నేను చదువుకుంటున్న ట్రైనింగ్ స్కూలు హాస్టలుకు సుగుణ రాసిన కార్డు వచ్చింది. పైన 'అశుభం' అని ఉంది. కింద రెండే ముక్కలు: "మా అమ్మ సోమవారం నాడు జ్వరంతో పోయింది. దినాలకు రా." ఇలాంటి కార్డు చదవగానే చింపేయాలంటారు. నేను చింపలేదు. ఏడ్చాను, నిజమే. కానీ ఏడుస్తూ ఏడుస్తూ ఆ 'మా' అన్న అక్షరం దగ్గర ఆగిపోయాను. 'మా అమ్మ' అట! పోయిన మనిషి మీద కూడా దానికొక్కదానికే హక్కు. చావు కబురు చదువుతూ ఓర్వలేక ఉడికిపోయే మనిషి ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆమే.

సుగుణ వాళ్ళమ్మ నాకు సొంత చిన్నమ్మ కాదు. మందమర్రి బొగ్గుగని క్వార్టర్లలో మా పక్కింటి మనిషి. మా అవ్వను, అంటే మా అమ్మను, అక్కా అని పిలిచేది కనుక నాకు చిన్నమ్మ. ఇంటికి ఒకటే గది, రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. మహారాష్ట్రలోని చాందా వైపు నుంచి వచ్చింది కాబట్టి నెయ్యి, చక్కెర వేసి వండిన రవ్వను శిరా అనేది, ఆశ్చర్యం వేస్తే "అగ్గబాయీ!" అనేది. నవ్వితే ముందు భుజాలు కదిలేవి, నవ్వు తర్వాత వినపడేది. జాకెట్టుకు ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉండేది. చిరిగిన అంగీతో ఏ పిల్లవాడు కనపడ్డా అక్కడే నిలబెట్టి కుట్టి పంపేది.

మా క్వార్టర్ల లైనుకు పుట్టినరోజు అన్న మాటను తెచ్చింది ఆమే. అంతకుముందు మా ఇండ్లలో ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. "నేనెప్పుడు పుట్టిన్నే?" అని అడిగితే మా అవ్వ, "నాట్లప్పుడు. వాన ఆగకుంట కొట్టింది" అనేది. ఏ ఏడు నాట్లో ఆమెకూ గుర్తులేదు. సుగుణకు మాత్రం ఏటా పుట్టినరోజు. సాయంత్రం దాన్ని పీట మీద కూచోబెట్టి, బొట్టు పెట్టి, చిన్నమ్మ దీపంతో హారతి ఇచ్చేది. అందరికీ శిరా పెట్టేది. అసలు పండుగ ఆ తర్వాతే. లైనులోని పిల్లలందరం ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకోవాలి. పాత చీరలతో కుట్టిన పెద్ద బొంతను గోడ నుంచి గోడకు పరిచేది. పుట్టినరోజు పిల్ల చిన్నమ్మ పక్కన, మిగతావాళ్ళం వరుసగా. నాకు ఎప్పుడూ తలుపు దగ్గరే జాగా. అక్కడి నుంచి చూస్తే సుగుణ తల మీద చిన్నమ్మ చెయ్యి కనపడేది. కడుపు మండిపోయేది. తిన్న శిరా కూడా చేదయ్యేది.

"గింతమందిని ఎట్ల పండుకోబెడ్తవు చెల్లె?" అని మా అవ్వ ఒకసారి అడిగింది.

"ఇంటినిండ పిల్లలు పండుకుంటే రాత్రి జర తొందరగ తెల్లారుతది అక్కా" అంది చిన్నమ్మ. ఏదో మాటవరసకు అందనుకున్నాను.

ఆ పుట్టినరోజు కాకకు, అంటే చిన్నమ్మ పెనిమిటికి, గనిలో రాత్రి పాళీ డ్యూటీ పడిన వారంలోనే వచ్చేది. ఆయన ఇంట్లో ఉంటే ఒక్క గదిలో ఇంతమంది ఎక్కడ పడుకుంటారు? అందుకని చిన్నమ్మ తేదీని కాస్త ముందుకో వెనక్కో జరిపేది. పిల్లలకు ఇదేం తెలుసు? తండ్రికి రాత్రి పాళీ పడితేనే పుట్టినరోజు వస్తుందని నా గట్టి నమ్మకం.

తొమ్మిదేళ్ళప్పుడు ఒకనాడు తట్టింది: మా బాపుకూ రాత్రి పాళీ పడుతుంది కదా! మరి నా పుట్టినరోజును ఇన్నేళ్ళూ ఎవరు మింగినట్టు? ఆ వారం బాపుకు రాత్రి పాళీ రాగానే ఎనిమిదిళ్ళు తిరిగి, "ఇయ్యాల నా పుట్టినరోజు, పండుకోనీకి రాండ్రి" అని చెప్పి వచ్చాను. సుగుణకు కావాలనే అందరికంటే చివర చెప్పాను. అవ్వకు మాత్రం చెప్పలేదు. పుట్టినరోజు సంగతి తల్లులకు దానంతట అదే తెలుస్తుందనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు పిల్లలు చంకల్లో దుప్పట్లతో మా వాకిట్లో నిలబడ్డారు. బాపు డ్యూటీకి పోయేముందు అన్నం తింటున్నాడు. అవ్వ బయటికి వచ్చి చూసింది.

"గిదేందే? గీ పోరగాండ్లంత గిట్లెందుకొచ్చిన్రు?"

నేను నోరు తెరిచేలోపు సుగుణ అందుకుంది. "ఇయ్యాల దీని పుట్టినరోజంట పెద్దమ్మా. దీనికి పుట్టినరోజే లేదు. అబద్ధం చెప్పింది."

పిల్లలు కిసకిస నవ్వారు. అవ్వ చెయ్యి చీపురు వైపు పోయింది. ఆ ఘడియలో నన్ను గనిలోకి దించేసినా సంతోషంగా పోయేదాన్ని.

అప్పుడే చిన్నమ్మ పిండి చేతులతో వచ్చింది. "అగ్గబాయీ! తప్పు నాది అక్కా. ఇయ్యాల బిడ్డ పుట్టినరోజు చేద్దామని నేనే అన్న. నీకు చెప్పుడు యాది మర్చిన."

ఆమె ఆడుతున్నది అబద్ధమని అవ్వకు తెలుసు, నాకు తెలుసు, అందరికంటే బాగా సుగుణకు తెలుసు. "అందరి పిల్లలు నీకే కావాలె" అని అవ్వ గొణిగింది గానీ చీపురు కింద పెట్టింది. చిన్నమ్మ ఇంటికి పోయి పీట తెచ్చింది. సుగుణ పీట! దాని మీద నన్ను కూచోబెట్టి హారతి ఇచ్చింది. రవ్వ చాలక బియ్యప్పిండి కలిపితే శిరా ఉండలు కట్టింది. అంత రుచి నేను మళ్ళీ ఎరగను.

"రా బిడ్డ, నువ్వు గూడ గీడనే పండుకో" అని సుగుణను పిలిచింది. "నేను మా బాపు దగ్గర పండుకుంట" అని అది విసురుగా వెళ్ళిపోయింది. చిన్నమ్మ కాసేపు గుమ్మం వైపు చూసి, వచ్చి నా పక్కన పడుకుంది. "పుట్టినరోజు ఒక్కలది గాదు బిడ్డా, పక్కన పండుకున్నోళ్ళందరిది" అని మెల్లగా చెప్పింది. ఆమె చెయ్యి నా తల మీద ఉంది. గోడ అవతల సుగుణ వెక్కుతున్నది వినపడుతోంది. జాలిపడ్డానని రాయాలని ఉంది. పడలేదు. సంబరపడ్డాను.

దినాలకు మందమర్రి వెళ్ళినప్పుడు కాక ఒక మాట చెప్పాడు. "నేను రాత్రి పాళీకి పోతె మీ చిన్నమ్మ కన్ను మూసేది గాదు బిడ్డా. గనిల ఏమైతదోనని ఒకటే పరేషాన్. మీరంత వచ్చి పండుకున్నప్పుడే జర నిద్రపోయేది."

అంటే ఆమె మాకు పక్క పరిచిందనుకున్న రాత్రులన్నీ మేమే ఆమెకు తోడు పడుకున్నామన్నమాట. కానీ నా పుట్టినరోజు రాత్రి కాక ఇంట్లోనే ఉన్నాడు. ఆ రాత్రి ఆమెకు ఎవరి తోడూ అక్కరలేదు. నా కోసమే వచ్చింది. ఆ మాట తట్టగానే నేను ముందు చూసింది సుగుణ వైపే.

దానికీ తట్టినట్టుంది. "గా రాత్రి నేను తెల్లందాక ఏడ్చిన" అంది.

"విన్న."

"నీ మీద ఇంక మండుతనే ఉన్నది."

"నాకు గూడ నీ మీద" అన్నాను.

ఆ రాత్రి ఇద్దరం కలిసి ఆ పాత బొంతనే పరిచాం. సుగుణ గోడ వైపు పడుకుంది. నేను అలవాటు కొద్దీ తలుపు వైపు పడుకోబోయి, ఇంకొంచెం లోపలికి జరిగాను.

"ఇంక జరుగకు" అంది సుగుణ. "అది అమ్మ జాగ."

'మా' అనలేదు. నేను జరగలేదు. అదీ జరగలేదు. తెల్లవారి చూస్తే, మా ఇద్దరి నడుమ బొంత మీద మనిషి పట్టేంత జాగా ముడత పడకుండా అట్లాగే ఉంది.